మొదటి పేజీలో లాగి, ఇరవయ్యో పేజీలో వదిలేసే నవలలు: ఎందుకిలా?

నవలాప్రియ
ఈమధ్య ఏ కొత్త నవల తెరిచినా మొదటి పేజీలో శవం ఉంటోంది. శవం లేకపోతే ఎవరో పరిగెడుతుంటారు, వెనక ఎవరో తరుముతుంటారు. నేనూ టెన్షన్‌గా పేజీలు తిప్పుతాను. తీరా ఇరవయ్యో పేజీకి వచ్చేసరికి ఆ పరిగెట్టే మనిషి దొరికితే ఏంటి, దొరక్కపోతే ఏంటి అనిపించి పుస్తకం మూసేస్తాను. ఇంకోవైపు, మొదటి పేజీలో చెప్పుకోదగ్గది ఏదీ జరగని నవలలు కొన్ని నన్ను తెల్లవారేదాకా కూర్చోబెట్టాయి.

మొదటి వాక్యంతోనే పాఠకుణ్ణి కట్టిపడేయాలని రాసేవాళ్లకి అందరూ చెబుతారు. వాళ్లూ చెప్పినట్టే చేస్తున్నారు. మరి నేనెందుకు నిలవలేకపోతున్నాను? మీకూ ఇలా అవుతోందా? ఏ నవల మొదలు మిమ్మల్ని పట్టుకుంది, ఎందుకు పట్టుకుంది, కాస్త వివరంగా చెప్పండి. ‘బాగుంది’ అని ఒక్క మాటతో వదిలేయకండి.

మూడోపేజీ
నాకూ ఇదే. తరిమేవాడి చేతిలో కత్తి ఉందని తెలుస్తుంది, పరిగెట్టేవాడికి ఇంట్లో ఎవరున్నారో తెలీదు. ముక్కూమొహం తెలియనివాడి కోసం ఎంతసేపని భయపడతాం?

పాతసీరియల్
తప్పు శవానిది కాదండీ. వారపత్రికల్లో సీరియళ్లు చదువుతూ పెరిగినదాన్ని నేను. మొదటి వారం పట్టుకోకపోతే రెండో వారం ఆ పేజీలు తిప్పేసి వేరే సీరియల్‌కి వెళ్లిపోయేవాళ్లం. ఆ సంగతి రాసేవాళ్లకీ తెలుసు, అందుకే ఏదో ఒక గొడవతోనే ఎత్తుకునేవారు. కానీ బాగా రాసేవాళ్లు ఆ గొడవని ఒక మనిషికి తగిలించేవారు. ఉత్తరం వచ్చిందంటే, దాన్ని విప్పడానికి జంకే మనిషి ముందు కనిపించేది. ఉత్తరంలో ఏముందన్నది ఎలాగూ వచ్చే వారం తెలుస్తుంది. ఆమె చేతులు ఎందుకు వణికాయి? వారమంతా మేం మాట్లాడుకున్నది దాని గురించే.

సిరాచుక్క
పాతసీరియల్ గారి మాటనే ఇంకాస్త పొడిగిస్తాను. గాబ్రియేల్ గార్సియా మార్కెజ్ ‘వందేళ్ల ఏకాంతం’ (1967) మొదటి వాక్యం చాలామందికి తెలిసిందే. చాలా ఏళ్ల తర్వాత, తనని కాల్చి చంపడానికి వచ్చిన సైనికుల ఎదుట నిలబడ్డప్పుడు, కల్నల్ ఔరేలియానో బుయెందియాకి ఓ పాత మధ్యాహ్నం గుర్తొస్తుంది. వాళ్ల నాన్న మంచుగడ్డ చూపించడానికి తీసుకెళ్లిన మధ్యాహ్నం.

తుపాకులున్నాయి కాబట్టి పట్టేసిందని అనుకుంటాం. తుపాకుల ముందు నిలబడ్డవాళ్లు నవలల్లో కొల్లలు. ఇక్కడ మనల్ని పట్టుకున్నది మంచుగడ్డ. చావు ఎదురుగా ఉన్నవాడికి అదెందుకు గుర్తొచ్చింది? మంచుగడ్డని చూడ్డానికి పనిగట్టుకుని వెళ్లారంటే అది ఎలాంటి ఊరు?

ఇంకో సంగతి. ఆ ఒక్క వాక్యంలో రచయిత మన దగ్గర రెండు అప్పులు చేశాడు. చిన్న అప్పు మంచుగడ్డ. దాన్ని మొదటి అధ్యాయం చివర్లోనే తీర్చేస్తాడు. పిల్లవాడు దానిమీద చెయ్యి పెట్టి, మరుగుతోందంటూ చటుక్కున వెనక్కి తీసుకుంటాడు. పెద్ద అప్పు తుపాకులు. దాన్ని చాలా దూరం మోయిస్తాడు. చిన్నది తీర్చాడు కదా, పెద్దదీ తీరుస్తాడని నమ్మి వెంట వెళతాం. నవలాప్రియ గారు ఇరవయ్యో పేజీలో మూసేసినవి, పాతది తీర్చకుండా కొత్త అప్పులు చేస్తూ పోయిన పుస్తకాలు అయ్యుంటాయి.

మూడోపేజీ
ఇంతకీ కల్నల్‌ని కాల్చేస్తారా?

సిరాచుక్క
చెప్పను. చదవండి.

రామం77
చెప్పొద్దు చెప్పొద్దు, నేనింకా సగంలో ఉన్నా!

నవలాప్రియ
సిరాచుక్క గారూ, అచ్చం అదే. పోయినసారి వదిలేసిన దాన్ని తీసుకుంటే, మొదటి అధ్యాయం హత్య దగ్గర ఆగుతుంది. రెండోది వేరే దేశంలో ఇంకో హత్య. మూడోది పాతికేళ్ల కిందటి హత్య. ఏ ఒక్కటీ అంగుళం ముందుకు కదలదు.

గట్టుమీద
నేను ఒప్పుకోను. ఇవన్నీ పుస్తకం పూర్తిచేసినవాళ్లు వెనక్కి తిరిగి చెప్పే మాటలు. కొత్తగా తెరిచినవాడికి మొదటి అధ్యాయం చివర ఏముందో ఎలా తెలుస్తుంది? ఫోన్‌లో శాంపిల్ చదివేవాడు రెండు నిమిషాల్లో తేల్చుకుంటాడు. మొదటి వాక్యంలో దెబ్బ ఉండాల్సిందే. 1915లో వచ్చిన కాఫ్కా కథ చూడండి. గ్రెగర్ సామ్సా ఓ పొద్దున నిద్ర లేచేసరికి పురుగైపోయి ఉన్నాడు. ముందు వర్ణన లేదు, సంజాయిషీ లేదు. ఆ వాక్యం చదివినప్పుడు మంచం మీంచి పడిపోబోయానని మార్కెజే ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు.

అర్ధరాత్రి_చదువరి
గట్టుమీద గారూ, ఆ కథలో తర్వాతి పేజీలు గుర్తున్నాయా? పురుగైపోయినవాడు దేని గురించి ఆలోచిస్తాడు? నాలుగింటికి పెట్టిన అలారం మోగలేదా అని. రైలు వెళ్లిపోయిందే అని. పనిచేసే చోట ఏమంటారో అని. దెబ్బ మొదటి వాక్యంలో ఉంది, నిజమే. నన్ను ఆపి కూర్చోబెట్టింది మాత్రం ఆ అలారమే. ఒళ్లే మారిపోయినా ఉద్యోగం గురించి భయపడే మనిషి నాకు బాగా తెలిసినవాడు. ఆ భయం లేకుండా ఉత్త పురుగే ఉంటే రెండు పేజీలకే విసుగొచ్చేది.

గట్టుమీద
అలారం దాకా తీసుకెళ్లింది పురుగే కదా.

అర్ధరాత్రి_చదువరి
అది నిజం. రెండూ కావాలి.

కావ్యపాఠి
ఇది మన దగ్గర చాలా పాత చర్చ. కావ్యం ఎలా మొదలవ్వాలో దండి ‘కావ్యాదర్శం’లో చెప్పాడు: ‘ఆశీర్నమస్క్రియా వస్తునిర్దేశో వాపి తన్ముఖమ్’. దీవెనతో, నమస్కారంతో, లేదంటే నేరుగా విషయం చూపిస్తూ మొదలుపెట్టవచ్చు. నవలకి పనికొచ్చేది ఈ మూడోదే.

మేఘదూతం మొదటి శ్లోకం తీసుకోండి. కాళిదాసు ‘కశ్చిత్’ అని ఎత్తుకుంటాడు. ఎవడో ఒక యక్షుడు. కావ్యం అయిపోయినా వాడి పేరు తెలీదు. తన పనిలో ఏమరుపాటు చూపాడు, యజమాని శపించాడు, ఏడాది పాటు భార్యకి దూరంగా ఉండాలి, మహిమ పోయింది, రామగిరి ఆశ్రమాల్లో తలదాచుకుంటున్నాడు. నాలుగు పాదాల్లో మనిషి, తప్పు, శిక్ష, గడువు, చోటు అన్నీ వచ్చేశాయి. ఆ ఏమరుపాటు ఏమిటో మాత్రం చెప్పలేదు. ఆ ఖాళీని పూరించడానికి వ్యాఖ్యాతలు కథలే అల్లారు.

నన్ను ఎక్కువగా పట్టుకునేది ఆ గడువు. ఏడాది అనగానే చదివేవాడు లోలోపల లెక్క మొదలుపెడతాడు. చివర్లో యక్షుడు భార్యకి పంపే కబురులో ‘ఇంకా నాలుగు నెలలు కళ్లు మూసుకుని గడిపెయ్’ అన్నప్పుడు, మొదటి శ్లోకంలో మనసులో పడ్డ ఆ లెక్కే ఏడిపిస్తుంది.

గట్టుమీద
కావ్యం వేరు, నవల వేరు. కాళిదాసుని ఎవరైనా శాంపిల్ చూసి కొంటారా?

కావ్యపాఠి
కొనరు. కానీ శాంపిల్ చదివేవాడు అడిగేదీ అదే: ఎవరు, ఏమైంది, ఎన్నాళ్లు. నాలుగు పాదాల్లో ఇవన్నీ ఇవ్వగలిగినప్పుడు నాలుగు పేజీల్లో ఇవ్వలేమా?

కొత్తకలం
ఇందాకట్నుంచీ చదువుతున్నా, ఇక అడిగేస్తా. మొదటి నవల రాస్తున్నాను. మొదలు ఇది:

‘ఆకాశం నల్లగా ముసురుకుంది. ఉరుములు మెరుపులతో కుండపోతగా వాన కురుస్తోంది. కిటికీ దగ్గర నిలబడ్డ సుజాత కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. ఆమె మనసు గతంలోకి జారిపోయింది. సుజాత చిన్నప్పటి నుంచీ చాలా సున్నితమైన మనిషి.’

ఒక ప్రచురణకర్తకి పంపితే ‘మొదలు పట్టుకోవట్లేదు’ అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు. ఎక్కడ పట్టుకోవట్లేదో చెప్పలేదు. మీరు చెప్పండి, మొహమాటం వద్దు.

రామం77
వాన తీసేయండి. వాతావరణంతో పుస్తకం మొదలుపెట్టొద్దన్నది ఎల్మోర్ లెనర్డ్ రచయితలకి చెప్పిన పది సూత్రాల్లో మొదటిది. 1830లో ఎడ్వర్డ్ బుల్వర్ లిటన్ అనే ఆయన ‘అది చీకటి రాత్రి, తుఫాను రాత్రి’ అని నవల మొదలుపెట్టాడు. 1982లో ఆయన పేరుమీద అతి చెత్త మొదటి వాక్యాల పోటీయే పెట్టారు.

అర్ధరాత్రి_చదువరి
వానని తిట్టకండి, పాపం. ఆర్వెల్ ‘1984’ మొదలయ్యేదీ వాతావరణంతోనే. ఏప్రిల్ నెల, వెలుగు బాగా ఉంది, చలిగానూ ఉంది. ఇంతలో గడియారాలు పదమూడు కొట్టాయి. అంతా మామూలుగా ఉన్న చోట ఒక్క అంకె తేడాగా ఉంది. అంతే, ఆ లోకంలో ఏదో గడబిడ ఉందని ఒంటికి తెలిసిపోతుంది. సుజాత వానలో అలాంటి తేడా ఏదీ లేదు. ఏ నవలలోనైనా కురవగల వాన అది.

పాతసీరియల్
నాకు వానతో పేచీ లేదు, ‘గతంలోకి జారిపోయింది’తోనే పేచీ. నేనింకా ఆ కిటికీ దగ్గర కాలు కూడా మోపలేదు, అప్పుడే వెనక్కి లాక్కెళుతున్నారు. పైగా సున్నితమైన మనిషి అని మీరే తీర్పు చెప్పేశారు. ఇక నేను కనిపెట్టడానికి ఏం మిగిల్చారమ్మా? ఇంతకీ సుజాతకి ఏమవుతుంది?

కొత్తకలం
ఊరి నుంచి తిరిగొచ్చేసరికి భర్త ఇంటి తాళం మార్చేసి ఉంటాడు. అది నాలుగో పేజీలో వస్తుందండీ.

పాతసీరియల్
అంత మంచి సంగతిని నాలుగో పేజీలో దాచారా!

మూడోపేజీ
నేనైతే మూడో పేజీలోనే లేచి వెళ్లిపోయేవాణ్ణి. ఒక్క పేజీలో పోగొట్టుకునేవాణ్ణన్నమాట.

కొత్తకలం
ఇప్పుడే మార్చి రాశా:

‘తాళంచెవి లోపలికి వెళ్లింది, తిరగలేదు. సుజాత దాన్ని బయటికి తీసి, చీరకొంగుతో తుడిచి, మళ్లీ పెట్టింది. తిరగలేదు. పక్కింటి తలుపు కొంచెం తెరుచుకుని, వెంటనే మూసుకుంది.’

సిరాచుక్క
ఇది వేరే మనిషి రాసినట్టుంది! తాళం మార్చారని ఎక్కడా అనలేదు. అయినా పక్కింటివాళ్లకి తెలుసని ఆ తలుపు చెప్పేసింది. మనకి సుజాతకంటే ఒక్క క్షణం ముందు అర్థమవుతుంది. ఆ ఒక్క క్షణంలోనే మనం ఆమె పక్షాన చేరిపోతాం, ఎవరైనా ఆమెకి చెబితే బాగుండని అనుకుంటాం.

నాకు అన్నిటికంటే నచ్చింది తుడవడం. లోపం తాళంచెవిలోనే ఉందనుకుంటోంది, భర్తని అనుమానించాలని ఆమెకింకా తట్టలేదు. ‘సున్నితమైన మనిషి’ అని మొదటిసారి రాసినదానికన్నా ఆ కొంగు ఎక్కువ చెప్పింది.

గట్టుమీద
దెబ్బ ఉంది, అరుపు లేదు. నేను అడిగేది ఇదే.

రామం77
లోపల టీవీ చప్పుడు కూడా వినిపిస్తే? భర్త లోపలే ఉన్నాడని తెలుస్తుంది.

అర్ధరాత్రి_చదువరి
వద్దు రామం. టీవీ వినిపిస్తే ఆమె తలుపు కొడుతుంది, కొడితే వెంటనే గొడవ మొదలవుతుంది. ఇప్పుడున్న నిశ్శబ్దంలో ఇంకో పేజీ లాగొచ్చు.

రామం77
సరే, నా టీవీ నేను పట్టుకుపోతా.

నెమ్మది
అందరూ కలిసి నాలుగో పేజీని మొదటికి తెచ్చేశారు. ఈ నవలకి అది బాగుంది. కానీ ప్రతి నవలనీ ఇలాగే తలుపు దగ్గర్నుంచి మొదలుపెట్టమంటే నాకు బాధగా ఉంటుంది.

డికెన్స్ ‘బ్లీక్ హౌస్’ 1852, 53లలో నెలనెలా భాగాలుగా వచ్చింది. అంటే అదీ సీరియలే, పాఠకుణ్ణి వెంటనే పట్టుకోవాల్సిందే. ఆయన ఎలా మొదలుపెట్టాడో చూడండి. మొదటి వాక్యం ఒక్కటే మాట, లండన్. తర్వాత బురద. తర్వాత పొగమంచు. నది ఎగువన మంచు, దిగువన మంచు, ముసలివాళ్ల కళ్లల్లో, గొంతుల్లో మంచు. పేరున్న మనిషి ఒక్కడూ లేడు. మొదటి పేరాల్లో వాక్యాలకి సమాపక క్రియలే లేవు, ఏదీ పూర్తవదు. అలా వెళ్లి వెళ్లి ఆ మంచు నడిమధ్యలో ఏముందయ్యా అంటే కోర్టు. అందులో తరాలుగా తెమలని ఒక దావా. ఆ మంచే కథ అని అప్పటికి మనకి తెలిసిపోతుంది.

టాల్‌స్టాయ్ ‘అన్నా కరేనినా’లో అన్నా మొదటి భాగం 18వ అధ్యాయం దాకా మనకి ఎదురుపడదు. ఇప్పుడైతే ఎవరైనా ఊరుకుంటారా? మొదటి పేజీలోనే ఆమెని దింపమంటారు.

గట్టుమీద
నెమ్మది గారూ, అన్నా రాకపోవచ్చు, ఆ మొదటి పేజీలో ఏం జరుగుతోందో చూడండి. పిల్లలకి చదువు చెప్పిన ఆవిడతో మొగుడికి సంబంధం ఉందని భార్యకి తెలిసిపోయింది. పిల్లలు ఇల్లంతా తిరుగుతున్నారు. వంటవాడు సరిగ్గా భోజనం వేళకి చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు. వంటవాడు పారిపోయిన ఇల్లు నెమ్మదిగా ఉన్నట్టా?

నెమ్మది
ఆ ఇల్లు నెమ్మదిగా లేదు, ఒప్పుకుంటా. నవల నెమ్మదిగా ఉంది. ముందు ఒక కాపురం ఎలా విరుగుతుందో దగ్గరగా చూపించి, దాన్ని సర్దడానికి అన్నాని రప్పిస్తాడు. ఇంకొకరి కాపురం నిలబెట్టడానికి వచ్చిన మనిషి ఆమె. ముందే వచ్చుంటే ఆ బరువు ఉండేది కాదు.

అర్ధరాత్రి_చదువరి
టాల్‌స్టాయ్‌ని ఆ నవలకి కదిలించింది పుష్కిన్ రాసి వదిలేసిన ఒక తునక అంటారు. అతిథులు వస్తున్నారంటూ నేరుగా మొదలవుతుంది. మొదలుపెడితే ఇలా పెట్టాలి అనుకున్నాడట, 1873లో.

కావ్యపాఠి
నెమ్మది గారి వైపు ఒక మాట. కందుకూరి ‘రాజశేఖర చరిత్రము’ 1878లో పత్రికలో రావడం మొదలైంది. ధవళగిరి, గోదావరి వర్ణనతో ఎత్తుకుంటుంది. ప్రబంధాలు చదివిన పాఠకుడికి వర్ణన చూడగానే కుదురుగా కూర్చోవాలనిపించేది. ఇప్పుడు అదే చూసి పేజీ తిప్పేస్తున్నాం. అంటే మొదలు బలం రచయిత చేతిలోనే లేదు, చదివేవాడి అలవాటులోనూ ఉంది.

గొంతు_వినేది
ఇన్ని మాట్లాడారు, గొంతు సంగతి ఎవరూ ఎత్తలేదేం? నాకు సంఘటన అక్కర్లేదు, వర్ణనా అక్కర్లేదు. ఎవరు మాట్లాడుతున్నారో వినిపించాలి. కామూ ‘ది స్ట్రేంజర్’ (1942) అమ్మ చనిపోయిందన్న వార్తతో మొదలవుతుంది. అందులో పట్టుకునేది చావు కాదు. ఇవాళ పోయిందో నిన్న పోయిందో తనకి తెలీదంటాడు కొడుకు. ఆ మాట అలా పొడిగా ఎలా అనగలిగాడు? దుఃఖం లేదా, ఉండీ చెప్పట్లేదా? నవలంతా అదే ప్రశ్న. చివరికి కోర్టులో కూడా అతన్ని అడిగేది అదే.

టోనీ మారిసన్ ‘బిలవ్డ్’ (1987) ఇంటి నంబరుతో మొదలవుతుంది. 124 కక్షతో నిండి ఉందంటుంది. ఏమిటీ 124, ఎవరి కక్ష, ఆ వాక్యంలో ఏదీ చెప్పదు. ఆ మొదలు గురించి ఆమే ఒక వ్యాసంలో రాసింది. బానిసల్ని ఉన్న చోటు నుంచి చెప్పకుండా లాక్కెళ్లినట్టే, పాఠకుణ్ణీ ఏ సన్నాహం లేకుండా తెలియని చోటికి లాగాలన్నది ఆమె ఉద్దేశం. అయోమయం ఊరికే పెట్టలేదు, ఆ నవలకి అదే సరైన మొదలు కాబట్టి పెట్టింది. గడబిడ చేస్తే పాఠకుడు ఆగుతాడని రాసే అయోమయానికీ దీనికీ ఎంత తేడా!

నవలాప్రియ
నేను అడిగినదానికి ఇదే సమాధానం అనిపిస్తోంది. నేను వదిలేసిన నవలల్లో శవం తీసేసి దొంగతనం పెట్టినా, దొంగతనం తీసేసి కారు ప్రమాదం పెట్టినా తర్వాతి కథ మారదు. మంచుగడ్డ తీసేస్తే మార్కెజ్ నవలే ఉండదు. ఇకమీద ఏ పుస్తకం తెరిచినా ఈ పరీక్ష పెట్టి చూస్తా.

గట్టుమీద
ఈ పరీక్ష నాకూ నచ్చింది. అయితే తెరిచిన పది నిమిషాల్లో తేల్చలేం, ముగించాకే తేలుతుంది. అందాకా చదివించేది మాత్రం దెబ్బే.

కొత్తకలం
ఇంకొక్కటి అడగాలి. ఈ తాళం సీన్ ముందు ఒక నాందిలాంటిది రాసుకున్నా, రెండు పేజీలు. భర్త తాళం ఎందుకు మార్పించాడో అందులో ఉంది. ఉంచాలా?

సిరాచుక్క
తీసేయండి. ఎందుకు మార్పించాడో ముందే తెలిస్తే ఆ పక్కింటి తలుపుకి పనే లేదు.

నెమ్మది
నాది వేరే మాట. అతని కారణం నిజంగా బలమైనదైతే, అది ముందే తెలిసి సుజాత తాళంచెవి తుడవడం చూస్తే ఇంకా నలిగిపోతాం. ఏం జరిగిందో తెలియని ఆత్రుత ఒకటి, తెలిసీ ఏమీ చేయలేని బాధ ఇంకొకటి. మీ నవల దేనిమీద నడుస్తుందో మీకే తెలియాలి.

కొత్తకలం
అతని కారణం పిరికితనం. నవల చివరిదాకా ఆమెకి అది అర్థం కాదు.

నెమ్మది
అయితే తీసేయండి. ఆమెకి తెలిసినప్పుడే మాకూ తెలియాలి.

పాతసీరియల్
ఇంకో పని చేయండి. ఈ మొదలు దగ్గరే కూర్చుని చెక్కుతూ ఉండిపోవద్దు. మొదటి పేరా కోసం నెలల తరబడి కష్టపడతానని మార్కెజ్ చెప్పాడు. ఆయనకి మొదటి పేరాలోనే శైలి, స్వరం తేలిపోయేవి, మిగతాది సులువుగా వచ్చేది. అందరికీ అలా రాదు. ముందు నవల ముగించండి, చివరి అధ్యాయం రాశాక మొదటి పేజీకి తిరిగి రండి. తర్వాత ఓ నలుగురికి మొదటి పదిహేను పేజీలు ఇచ్చి, ఎక్కడ ఆపాలనిపిస్తే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టమనండి. కారణాలు అడగొద్దు, అడిగితే మర్యాదకి ఏదో చెబుతారు. గీతలు ఒకే చోట పడితే అక్కడ కోయండి.

కొత్తకలం
అలాగే చేస్తానండీ. ఇంకా మూడు అధ్యాయాలు మిగిలాయి. ముగించాక ఇక్కడే అడుగుతా, గీతలు పెట్టడానికి ఎవరైనా వస్తారా?

మూడోపేజీ
నాకు పంపండి. పదిహేను పేజీలూ చదువుతా.

రామం77
నాకూ.

గట్టుమీద
నాకూ పంపండి. ఎరుపు పెన్సిల్‌తో పెడతా, ఎవరి గీత ఏదో తెలియాలిగా.